గ్రాంటు కోసం మన కేంద్రం తీరు మార్చుకోవాలా?

విశాఖపట్నం నుంచి, పేరు వెయ్యొద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. చేపలరేవుకు దగ్గర్లోని ఒక జాలరి బస్తీలో ఆమె 2019లో సొసైటీ రిజిస్టరు చేయించి, పిల్లలకు సాయంత్రం చదువుల కేంద్రం నడుపుతున్నారు. 72 మంది పిల్లలు. తండ్రులు బోట్ల మీద వేటకు పోయేవాళ్ళు, తల్లులు తెల్లారకముందే రేవుకెళ్ళి చేపలు కొని వీధుల్లో అమ్ముకొచ్చేవాళ్ళు. ముగ్గురు టీచర్లకు నెలకు తలా 6,000 రూపాయలు. గది మామగారిది, అద్దె 5,000. భర్త కోశాధికారి. ఇన్నేళ్ళూ తెలిసినవాళ్ళ చందాలతో నడిచింది. ఇద్దరు పెద్ద దాతలు ఆపేయడంతో టీచర్లకు రెండు నెలలుగా జీతాల్లేవు.

గత ఏడాది ఆమె తొమ్మిది ఫౌండేషన్లకు దరఖాస్తు చేశారు. ఐదింటి నుంచి జవాబు లేదు, మూడు కాదన్నాయి. ఒకటి మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు, సీఎస్ఆర్-1 నంబరు (కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు అందుకోవడానికి సంస్థకు ఉండాల్సిన రిజిస్ట్రేషన్), పిల్లల ప్రగతి వివరాలు అడిగింది. అవి పంపలేక ఊరుకున్నారు. ఇప్పుడు మూడు మాటలు వచ్చాయి. ఒక కంపెనీ 12 లక్షలతో డిజిటల్ తరగతి గది ఇస్తామంటోంది, జీతాలకు మాత్రం రూపాయి ఇవ్వలేమంటోంది, మార్చి 31లోపు పని పూర్తవ్వాలంటోంది. ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ ‘మా పేరు కింద నడపండి, నిధులు మేం తెస్తాం, అందులో 15 శాతం ఉంచుకుంటాం, టీచర్లను మా జీతాల పట్టీలోకి తీసుకుంటాం’ అంటోంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెంటు, గ్రాంటు వస్తే 10 శాతం ఇమ్మంటున్నారు. ‘నాకు ఇంగ్లీషు అంత రాదు, అందుకే గ్రాంట్లు రావడం లేదేమో. ఇంట్లో మూసెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?’ అని అడిగారు. పాత దరఖాస్తు నకలు ఒకటి జతచేశారు.

సమాధానం:

అమ్మా, మీ దరఖాస్తు నకలు మొత్తం చదివాను. ఇంగ్లీషులో చిన్న తప్పులున్నాయి. వాటివల్ల ఎవరూ మిమ్మల్ని కాదనలేదు. గ్రాంట్లు చూసేవాళ్ళు రోజూ చదివేది చిన్న ఊళ్ళ సంస్థల ఇంగ్లీషే. వాళ్ళు ఆగిపోయేది మరోచోట. మొదటి పేజీన్నర దేశంలో చదువు ఎలా ఉంది, బాలల హక్కులేమిటి అన్నదానికే పోయింది. మీ బస్తీ మూడో పేజీలోగానీ రాలేదు. పిల్లలు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఏ స్థాయిలో ఉన్నారో, ఇప్పుడెక్కడున్నారో ఒక్క అంకె లేదు. ఇక బడ్జెట్ చూస్తే, ఆ కేంద్రాన్ని ఎవరు నడుపుతున్నారో అర్థం కాదు. దాన్నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే మీ ముందున్న మూడు దారులనూ కొలవాల్సింది ఆ లెక్కతోనే.

మీరు వేసిన బడ్జెట్ ఏడాదికి 4,34,500. జీతాలు 2,16,000, అద్దె 60,000, కరెంటు 18,000, పుస్తకాలూ సామగ్రీ 36,000, సాయంత్రం గుగ్గిళ్ళు, అరటిపళ్ళకు 1,04,500. పిల్లకు ఏడాదికి సుమారు 6,035 రూపాయలు. ఇందులో మీరు లేరు. రోజుకు నాలుగైదు గంటలు బస్తీలో తిరిగేదీ, మానేసిన పిల్లల ఇళ్ళకెళ్ళేదీ, బడి హెడ్మాస్టరుతో మాట్లాడేదీ మీరే. ఆ పనికి నెలకు 12,000 వేసినా 1,44,000. లెక్కలు రాసే మనిషికి, పూట పనికైనా, నెలకు 3,000 చొప్పున 36,000. ఆడిటరుకు 25,000. ప్రయాణాలకూ ప్రింటింగుకూ 15,000. అన్నీ కలిపితే 6,54,500, అంటే పిల్లకు 9,090. తేడా 2,20,000.

ఖర్చు తక్కువ చూపిస్తే మెచ్చుకుంటారనే నమ్మకం మన చిన్న సంస్థల్లో బలంగా ఉంది. జరిగేది దానికి ఎదురు. దరఖాస్తు చూసే మనిషికి వెంటనే వచ్చే అనుమానం: ఈవిడకు జబ్బు చేస్తేనో, ఉద్యోగంలో చేరితేనో కేంద్రం ఉంటుందా? లెక్కలు ఎవరు రాస్తారు, మాకు రిపోర్టు ఎవరు పంపుతారు? మీ జీతం మీరు తీసుకోకపోయినా సరే, ఆ వరసను బడ్జెట్‌లో ఉంచి, ‘సంస్థ వాటా, స్వచ్ఛంద శ్రమ రూపంలో’ అని పక్కన రాయండి. అలా రాస్తే మీ కష్టం సంస్థ పెట్టుబడిగా కనిపిస్తుంది. రేపు గ్రాంటుదారు, అంటే గ్రాంటు ఇచ్చే సంస్థ, కాస్త ముందుకొచ్చినప్పుడు ఆ వరసకు డబ్బు అడగడం కూడా తేలిక. జీతం తీసుకోవాలనుకుంటే కార్యవర్గ తీర్మానం చేసి, పనికి తగ్గట్టుగా తీసుకోండి. సంస్థ నడిపేవాళ్ళకూ వాళ్ళ బంధువులకూ పనికి మించి చెల్లిస్తేనే ఆదాయపు పన్ను మినహాయింపుకు ముప్పు. సబబైన జీతం తప్పేమీ కాదు.

ఇప్పుడు మీరు వెంటనే బీరువా తీసి చూడాల్సిన కాగితం. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చేది) 2022లో వచ్చాయని రాశారు. పాతవాటిని పునరుద్ధరించుకోవడం కాకుండా ఆ ఏడాది మొదటిసారి వచ్చాయంటే, అవి తాత్కాలిక రిజిస్ట్రేషన్లే అయ్యుండాలి. తాత్కాలికానికి గడువు మూడేళ్ళే. ఉత్తర్వు ఫారం 10ఏసీలో ఉంటే అందులో ఏ అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని స్పష్టంగా ఉంటుంది, చూడండి. పూర్తి రిజిస్ట్రేషన్‌కి ఫారం 10ఏబీ వెయ్యాలి. తాత్కాలికం ముగియడానికి ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోపు, ఏది ముందైతే అది దాని గడువు. మీ కేంద్రం అప్పటికే నడుస్తోంది కాబట్టి ఎప్పుడో వేసి ఉండాలి. రాష్ట్రంలో ఎన్నో చిన్న సొసైటీలు ఇక్కడే దెబ్బతిన్నాయి, తాత్కాలిక ఉత్తర్వునే శాశ్వతమనుకుని ఫైల్లో పెట్టేసుకున్నాయి. గడువు దాటినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 12ఏ విషయంలో సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం 2024 అక్టోబరు 1 నుంచి కమిషనరుకే ఇచ్చారు. 80జీ సంగతి వేరుగా ఆడిటరుతో తేల్చుకోండి. ఒకవేళ అది ముగిసి ఉంటే, ఆ తర్వాత దాతలకు 80జీ రసీదులు ఇవ్వడం వెంటనే ఆపాలి.

ఇక్కడ చెప్పిన సెక్షన్లూ ఫారాలూ పాత చట్టం ప్రకారం. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దాంతో సెక్షన్లూ ఫారాల నంబర్లూ మారతాయి. కాబట్టి ఏ నంబరు వర్తిస్తుందో ఆడిటరును అడిగి, ఈ పని వెంటనే కదిలిస్తేనే మంచిది. 10ఏబీ వేసేటప్పుడు మీ బైలాలో రెండు విషయాలు చూసుకోండి. సంస్థ రద్దయితే ఆస్తి సభ్యులకు పోకుండా అదే ఆశయాలున్న మరో సంస్థకు చెందాలని ఉండాలి. లాభం సభ్యులకు పంచకూడదని ఉండాలి. ఇవి లేకపోతే ప్రశ్నలు వస్తాయి, బైలా సవరణకు సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రారు ఆఫీసు, అలా నెలలు పోతాయి. ఇంకో చిన్న విషయం పెద్ద పనులు ఆపుతుంది: పాన్ కార్డులో, సొసైటీ సర్టిఫికెట్లో, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కలాగే ఉందా? ‘సంఘం’ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒకచోట చివర ‘ఎమ్’తో, ఒకచోట ‘ఎన్’తో ఉన్నా ఆన్‌లైన్ ఫారాలు తిప్పికొడతాయి.

ఆడిట్ రెండేళ్ళకే ఉందని రాశారు. మీ రాబడి పన్ను పడని పరిమితిని దాటుతోంది కాబట్టి ఆడిట్ తప్పనిసరి. మీ స్థాయి సంస్థకు ఆడిట్ రిపోర్టు ఫారం 10బీబీలో ఉండాలి. మామూలుగా సెప్టెంబరు 30లోపు అది, అక్టోబరు 31లోపు ఐటీఆర్-7, అంటే ఇలాంటి సంస్థలు వేసే పన్ను రిటర్ను. మిగిలిన ఏడాది ఆడిట్ ఇప్పుడైనా చేయించండి. ఆలస్యమైన రిటర్నుకు పర్యవసానాలుంటాయి, ఆడిటరు చెబుతారు. అయినా ఆలస్యంగా ఉన్న ఆడిట్‌ని గ్రాంటుదారులు అర్థం చేసుకుంటారు, అసలు లేకపోతే మాత్రం ఫైలు పక్కన పెడతారు. వోచర్లు సర్దేటప్పుడు నగదు చెల్లింపులు చూడండి. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు ధర్మకార్యానికి పెట్టినట్టు లెక్కకు రాదు. టీచర్ల జీతాలు బ్యాంకు ద్వారానే పంపుతున్నారా? లేకపోతే ఈ నెల నుంచే మార్చండి.

మామగారి గది, భర్త కోశాధికారిగా ఉండటం రెండూ చట్టవిరుద్ధం కాదు. కానీ పరిశీలనకు వచ్చినవాళ్ళకు అవి వాళ్ళంతట వాళ్ళకు తెలిసే బదులు, మీ కాగితాల్లోనే కనపడాలి. అద్దె ఒప్పందం రాసుకోండి. అదే వీధిలో అలాంటి గదులకు ఎంత అద్దె ఉందో రెండు మూడు వివరాలు ఫైల్లో పెట్టండి. కార్యవర్గం తీర్మానం చేసేటప్పుడు మీరిద్దరూ ఓటు వెయ్యలేదని మినిట్స్‌లో రాయించండి. కోశాధికారి పదవి వచ్చే సర్వసభ్య సమావేశంలో మరొకరికి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. చెక్కుల మీద ఇద్దరు సంతకం పెట్టే ఏర్పాటులో ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళయితే, ఏ ఫౌండేషనూ దాన్ని రక్షణగా లెక్కించదు. మార్చిన కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చెయ్యడం మరవకండి.

ఇక కంపెనీ ఇస్తామన్న డిజిటల్ గది. వాళ్ళ తొందరకు కారణం తెలిస్తే మీరు ధైర్యంగా మాట్లాడగలరు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చుకాని డబ్బు, కొనసాగే ప్రాజెక్టుకు సంబంధించింది కాకపోతే, చట్టం చెప్పిన నిధుల్లో ఆరు నెలల్లోపు జమ చెయ్యాలి. అందుకే జనవరి నుంచి మార్చి దాకా సామాన్లు కొనే ప్రతిపాదనలు ఎక్కువ వస్తాయి. సామాను ఒక్క బిల్లుతో అయిపోతుంది, జీతం నెలనెలా పోవాలి.

ఇది తీసుకుంటే ఏమవుతుంది? గది అద్దెది. సముద్రపు గాలిలో ఎలక్ట్రానిక్ సామాను ఎంత తొందరగా తుప్పు పడుతుందో రేవు పక్కన ఉండే మీకు చెప్పక్కర్లేదు. తుఫాను రోజుల్లో కరెంటు పోతుంది, బస్తీలో నీళ్ళు నిలుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత నగరం ఎలా ఉందో తెలిసినవాళ్ళు సామాను నేలకు ఎంత ఎత్తులో పెట్టాలి, బీమా ఎవరు కట్టాలి అని ముందే అడుగుతారు. ఇంటర్నెట్, పెరిగే కరెంటు బిల్లు, వారంటీ అయ్యాక మరమ్మతు, రాత్రి కాపలా, ఇవన్నీ జీతాలే ఇవ్వలేకపోతున్న మీ మీద పడతాయి. పైగా సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తిని కంపెనీ తన పేర పెట్టుకోకూడదు. సీఎస్ఆర్ నంబరున్న సొసైటీ, ట్రస్టు లాంటి సంస్థో, లబ్ధిదారుల సంఘమో, ప్రభుత్వ సంస్థో దాన్ని కలిగి ఉండాలి. మీకు సీఎస్ఆర్-1 నంబరే లేదు. 12ఏ, 80జీ రెండూ అమల్లో ఉండి, ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపితేనే ఆ రిజిస్ట్రేషన్. మూడేళ్ళ పని మీకుంది. పైన చెప్పిన ఉత్తర్వు గడువు ముగిసి ఉంటే మాత్రం ఈ మార్చిలోపు కంపెనీ మీతో నేరుగా ఒప్పందం చేసుకోవడం కుదరదు. అది ముందే తెలుసుకుంటే అందరికీ సమయం మిగులుతుంది.

కాగితాలు సరిగా ఉన్నాయనుకోండి. అప్పుడు కూడా ‘వద్దు’ అనేయకుండా, ఎదురు ప్రతిపాదన పెట్టండి. జీతాలు ఇవ్వకూడదని చట్టంలో లేదు. చాలామంది కంపెనీ ఉద్యోగులు ‘5 శాతం పరిమితి’ అంటారు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే సాధారణ పరిపాలన ఖర్చుకు. ఒక ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని 2021లో సవరించిన నిబంధనల్లోని నిర్వచనమే చెబుతోంది. పిల్లలకు పాఠం చెప్పే టీచరు జీతం ప్రాజెక్టు ఖర్చే. ఇంకోటి, కంపెనీ బోర్డు దీన్ని ‘కొనసాగే ప్రాజెక్టు’గా ఆమోదిస్తే, మొదలైన ఏడాది కాకుండా మరో మూడేళ్ళ దాకా సాగవచ్చు. మిగిలిన డబ్బును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసుకుని వాళ్ళు ఖర్చు పెట్టుకోవచ్చు. అప్పుడు మార్చి 31 తొందర ఉండదు. మీరు అడగాల్సింది ఇలా ఉంటుంది: 12 లక్షల బదులు 10 లక్షలే ఇవ్వండి, అందులో ఒక ప్రొజెక్టరు, నాలుగైదు ట్యాబ్లెట్లు, ఇన్వర్టరు కలిపి రెండు లక్షల లోపు, మిగతాది రెండేళ్ళపాటు టీచర్ల జీతాలూ, లెక్కలు రాసే మనిషీ, మరమ్మతులూ.

వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. ఆ సందర్భంలో డిజిటల్ గదిని దగ్గర్లోని మున్సిపల్ స్కూల్లో పెట్టమని, సాయంత్రం మీ పిల్లలు వాడుకునేలా హెడ్మాస్టరుతో రాతపూర్వకంగా ఒప్పందం చేయించమని అడగొచ్చు. ఆస్తి స్కూలుది, బాధ్యత స్కూలుది, వాడకం మీ పిల్లలది. మీ జీతాల సమస్య అలాగే ఉంటుంది, కానీ కొత్త భారం పడదు, కంపెనీతో పరిచయమూ తెగదు. వచ్చే జూన్‌లో వాళ్ళు కొత్త ఏడాది ప్రణాళిక వేసుకునేటప్పుడు మళ్ళీ వెళ్ళొచ్చు.

పెద్ద సంస్థ మాట గురించి మీరు కోపంగా రాశారు, 15 శాతం దోపిడీ అన్నారు. ఆ అంకెను ఒక్కసారి మీ అసలు లెక్క పక్కన పెట్టి చూడండి. మీ 6,54,500 మీద 15 శాతం 98,175. లెక్కలూ, ఆడిటూ, రిపోర్టులూ, గ్రాంటుదారుతో ఉత్తరప్రత్యుత్తరాలూ వాళ్ళే చేస్తే, మీరు పెట్టాల్సిన దాంట్లో చాలా భాగం అందులోనే పోతుంది. కాబట్టి శాతం కంటే ముఖ్యం, దానికి బదులుగా ఏం చేస్తారన్నది. అది రాయించుకోండి.

టీచర్లను తమ పట్టీలోకి తీసుకుంటామనడానికి కూడా కారణం ఉంది. వాళ్ళ డబ్బు విదేశీ విరాళమైతే, 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టానికి వచ్చిన సవరణ తర్వాత దాన్ని మరో సంస్థకు బదిలీ చెయ్యడం నిషేధం. మీకు ఇవ్వలేరు, తామే ఖర్చు పెట్టాలి. దేశీయ డబ్బైనా, ఒక ధార్మిక సంస్థ మరోదానికి ఇచ్చిన దాంట్లో 85 శాతమే ఖర్చుగా లెక్కించే నియమం 2023 ఏప్రిల్ నుంచి ఉంది. అందుకని ఇప్పుడు పెద్ద సంస్థలు నేరుగా ఖర్చు చెయ్యడానికే మొగ్గుతున్నాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. అయితే పర్యవసానం మాత్రం మీరు తెలుసుకోవాలి: ఆ ఖర్చు మీ పద్దుల్లోకి రాదు. రెండేళ్ళ తర్వాత సొంతంగా దరఖాస్తు చేస్తే మీ ఆడిట్ రిపోర్టులో రాబడి పడిపోయి కనిపిస్తుంది. టీచర్లు వాళ్ళ ఉద్యోగులు, ప్రాజెక్టు ఆగితే వెళ్ళిపోతారు.

దీనికి ఒప్పుకుంటే ఒప్పందంలో కొన్ని మాటలుండాలి. ప్రతి రిపోర్టులో, బోర్డు మీద మీ సంస్థ పేరు. పిల్లల హాజరు, పరీక్షల వివరాలు మీ దగ్గర కూడా ఒక ప్రతి. ఏడాదికోసారి, ‘ఈ కేంద్రం ఫలానా సంస్థ క్షేత్రస్థాయి భాగస్వామ్యంతో నడిచింది, ఇంతమంది పిల్లలు’ అని వాళ్ళ లెటర్‌హెడ్ మీద ఉత్తరం. ఆపాలంటే 90 రోజుల ముందు నోటీసు, అదీ బడి ఏడాది మధ్యలో కాకుండా. టీచర్లను మీ సలహా లేకుండా వేరే కేంద్రానికి మార్చకూడదు. గది అద్దె, గుగ్గిళ్ళ ఖర్చు వరకైనా మీ సొసైటీ చందాలతోనే నడిపితే మీ పద్దులు ఖాళీ అవవు. 12ఏ గడువు ముగిసిపోయిందని తేలితే, అది సరిచేసుకునే ఈ ఏడాదికి నిజానికి ఇదే అందుబాటులో ఉన్న గట్టి దారి. గడువు ఉంటే, మీరు బేరమాడే స్థితిలో ఉంటారు.

కన్సల్టెంటు సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. గ్రాంటులో శాతం అడిగేవాళ్ళతో వెళ్ళొద్దు. ఆ 10 శాతం ఏ బడ్జెట్ వరసలో చూపుతారు? చాలా గ్రాంటుదారులు దానికి ఒప్పుకోరు కాబట్టి పుస్తకాల బిల్లుగానో, శిక్షణ బిల్లుగానో మార్చి చూపాల్సి వస్తుంది. ఆ వోచరు మీద సంతకం మీది. ఆడిట్‌లో బయటపడితే గ్రాంటు వెనక్కి కట్టాల్సింది మీరు. రాతపనికి సాయం కావాలంటే ఒక ప్రతిపాదనకు ఇంత అని ముందే మాట్లాడుకుని, గ్రాంటు వచ్చినా రాకపోయినా ఇచ్చి, టీడీఎస్ (చెల్లించేటప్పుడే పన్ను పట్టుకోవడం) నియమాలు చూసి బిల్లు తీసుకోండి. లేదా మీరు తెలుగులో వివరంగా రాయండి. ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే పిల్లలు ఎందరో ఇలాంటి కేంద్రాల్లో పనిచేయడానికి చూస్తుంటారు. వాళ్ళలో ఒకరు ఇంగ్లీషులోకి తీసుకురాగలరు. రాసే విషయం మాత్రం మీ దగ్గరే ఉంది, అది ఇంకెవరూ రాయలేరు.

విషయం అంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే గ్రాంటు వచ్చేదీ పోయేదీ ఇక్కడే. 72 మంది పిల్లలకూ ఒక్కొక్కరికి పది నిమిషాల పరీక్ష పెట్టండి. ప్రథమ్ సంస్థ అసర్ (పిల్లల చదువు స్థాయి కొలిచే) సర్వేలో వాడే పరికరం తెలుగులోనూ ఉంది, ఉచితం. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం. ఏ తరగతి పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఒక పట్టికలో రాయండి. జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు ఒకసారి, నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి. ఈ ఏడాదికి ఇప్పుడే ఒకటి పెట్టేయండి, అదే మీ తొలి లెక్క. ‘ఐదో తరగతి పిల్లలు 14 మందిలో ఇంతమంది రెండో తరగతి కథ చదవలేకపోతున్నారు’ అన్న ఒక్క వాక్యం, మీ పాత దరఖాస్తులోని మొదటి పేజీన్నరకంటే ఎక్కువ పనిచేస్తుంది. అంకె బాగా లేకపోయినా దాచకండి. అన్నీ గొప్పగా ఉన్న రిపోర్టును ఎవరూ నమ్మరు.

హాజరు పట్టీలో రాని రోజుకు కారణం రాసే గడి ఒకటి చేర్చండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు ఇళ్ళల్లో రాబడి పడిపోతుంది, కొన్ని కుటుంబాలు ఊళ్ళకు పోతాయి, పెద్ద పిల్లలు కూలికి వెళతారు. తల్లి తెల్లవారుజామున రేవుకెళ్ళే ఇంట్లో పదేళ్ళ ఆడపిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ బడి మానేస్తుంది. ఇవి మీకు రోజూ కనిపించేవి, గ్రాంటుదారుకు తెలియనివి. మీ సాయంత్రపు వేళలు ఎందుకలా పెట్టారో, గుగ్గిళ్ళెందుకో, వేసవిలో ఏం చేస్తారో దీంతోనే అర్థమవుతుంది. సమస్య, మీరు చేసే పని, ఇప్పటిదాకా వచ్చిన ఫలితం, పూర్తి ఖర్చు, అందులో మీ దగ్గరున్నది ఎంత, అడిగేది ఎంత, గ్రాంటు అయిపోయాక ఏమిటి. రెండు పేజీలు చాలు. వీటితోపాటు బాలల రక్షణ విధానం ఒక పేజీ రాసుకోండి: పెద్దవాళ్ళెవరూ పిల్లతో ఒంటరిగా గది మూసుకుని ఉండకూడదు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి. పిల్లలతో పనిచేసే సంస్థను ఇప్పుడు అందరూ ఇది అడుగుతున్నారు, అడగాలి కూడా.

తొమ్మిదింటికి ఒకే కాగితం పంపే బదులు మూడింటిని ఎంచుకోండి. కంపెనీల వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. ఏ ప్రాజెక్టు, ఏ జిల్లా, ఎంత డబ్బు, ఏ సంస్థ ద్వారా అన్నది కొన్నిసార్లు అందులో దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వ జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో కూడా చూడొచ్చు. ఒక కంపెనీ ఇచ్చిన అతి చిన్న గ్రాంటు 40 లక్షలైతే, మీ ఆరున్నర లక్షలు వాళ్ళకు చిన్నవి. పరిశీలన ఖర్చే దానికి సరిపోతుంది. వరుసగా నష్టాల్లో ఉన్న కంపెనీ ఎంత పెద్ద పేరున్నదైనా దానికి 2 శాతం బాధ్యతే ఉండదు. జిల్లా హద్దు కూడా చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. అక్కడి కర్మాగారాలకు ‘స్థానిక ప్రాంతం’ అంటే తమ చుట్టుపక్కల ఊళ్ళే. మీ బస్తీకి రేవు, రిఫైనరీ, షిప్‌యార్డు వైపు సంస్థలే దగ్గర. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ లాంటివి ఈ 2 శాతం డబ్బు మీద నడిచేవి కావు. అలాంటి చోట మార్చి తొందర ఉండదు, మనుషుల జీతాల గురించి మాట్లాడటం తేలిక. కానీ పరిశీలనకు నెలలు పడుతుంది, దాన్ని నమ్ముకుని ఈ వేసవి గడపలేరు. పాతవాళ్ళలో కాగితాలడిగిన ఆ ఒక్కరికి ఈ వారమే రాయండి: ఏవి సిద్ధంగా ఉన్నాయి, ఏవి ఏ నెలకు వస్తాయి అని. అడిగినవాళ్ళు ఆసక్తి ఉండే అడిగారు.

మూసెయ్యాలా అని అడిగారు. అదీ ఒక దారే, దాచను. మూసేస్తే జూన్‌లో మళ్ళీ తెరవడం అంత సులువు కాదు. టీచర్లు వేరే పని చూసుకుంటారు, సొసైటీ మాత్రం ఉంటుంది, దాని రిటర్నులూ జాబితాలూ వెయ్యాల్సిందే. పూర్తిగా మూసే ముందు కేంద్రాన్ని చిన్నది చేసి చూడొచ్చు. చదవడం రాని పిల్లలకే పరిమితం చేసి ఇద్దరు టీచర్లతో నడిపితే జీతాల ఖర్చు నెలకు 12,000కు వస్తుంది. కొందరు పిల్లల్ని పంపెయ్యాల్సి రావడం బాధే. కానీ పరీక్ష పెట్టి ఎంచుకుంటే ఎవరికి అవసరమో తెలిసే చేసినట్టవుతుంది.

టీచర్లకు బాకీ ఉన్న 36,000 విషయం వేరుగా చూడండి. ఒప్పందం తేదీకి ముందు జరిగిన ఖర్చును గ్రాంటు డబ్బుతో కట్టనివ్వరు, కాబట్టి రేపు ఏ గ్రాంటు వచ్చినా ఆ బాకీ అలాగే ఉంటుంది. దాన్ని స్థానికంగానే తీర్చాలి. తలా వెయ్యి చొప్పున 36 మంది. ఆపేసిన దాతల దగ్గరికి కూడా వెళ్ళండి, నెలనెలా ఇవ్వమని కాకుండా ఈ ఒక్కసారికి అడగండి. 80జీ అమల్లో ఉంటే చెప్పండి, 2,000 దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు కాబట్టి ఫోన్ ద్వారానో చెక్కుతోనో తీసుకోండి. రసీదు అక్కడికక్కడే ఇవ్వండి. డబ్బు పూర్తిగా రాకముందే ముగ్గురు టీచర్లనూ కూర్చోబెట్టి ఎంత బాకీ ఉంది, ఏ తేదీకి ఎంత ఇవ్వగలరు, ఏప్రిల్ నుంచి జీతం ఖాయమా కాదా అన్నది కాగితం మీద రాసి చదివి వినిపించండి. కంపెనీకి జవాబు పంపేది ఆ మాట అయ్యాకే. వాళ్ళు ఉంటారో లేదో తెలియకుండా ఏ ప్రతిపాదనలోనూ ముగ్గురు టీచర్లని రాయలేరు.